సౌండ్‌బార్‌లో దూరిన గొంతు

మొన్న ఆదివారం పక్కింటి మీదికి కొట్లాటకు పోయి, తల దించుకొని తిరిగొచ్చాను. నవ్వుతారని తెలిసే చెబుతున్నా, వినండి!

మణుగూరు బొగ్గు బాయిలో నాతో పాటు దిగిన ఇలయ్య అన్న మంచి పాటగాడు. ఇప్పుడు లేడు. సమ్మెలో టెంటు కింద ఆయన పాడిన పాట ఒకటి నా దగ్గర క్యాసెట్‌లో మిగిలింది. మా బిడ్డ దాన్ని ఫోన్‌లోకి ఎక్కించింది. అది వినడానికే అన్న భార్య రాజమ్మ వదిన పినపాక నుంచి బస్సెక్కి వచ్చింది.

"పదేండ్లాయె సారయ్యా, ఆయన గొంతు చెవిల పడక" అన్నది.

ఆమెను టీవీ కింద పెట్టిన పొడుగు స్పీకర్, మా సౌండ్‌బార్ ముందు కూర్చోబెట్టి పాట నొక్కాను.

"పొట్ట లోపలికి! ఇంకా లోపలికి! ఊపిరి బిగపట్టండి!"

ఎవరో ఆడమనిషి అరుపు! వదిన బెదిరిపోయి నిజంగానే ఊపిరి బిగపట్టింది.

పక్కింటి సుజాత ఎక్సర్‌సైజ్ వీడియో అది. నెల రోజులుగా ఇదే గోస. ఒళ్లు మండి గోడ దగ్గరికి పోయాను.

"ఏంది సుజాతా! అడగకుండ మా ఇంట్లకు దూరుడేంది?"

"నేనేం చేసిన పెదనాన్నా? ఫోన్‌ల బ్లూటూత్ కలిపేటప్పుడు మా స్పీకర్ అనుకొని ఒకసారి మీదాని పేరు నొక్కినట్టున్న. అప్పటిసంది నా ఫోన్ దానంతటదే అటు పోతున్నది" అంటూ వచ్చి చూసింది. "ఈ నీలి లైటు కొట్టుకుంటున్నదేంది? బటన్ ఎవరు నొక్కిన్రు?"

"ఎవరేంది? నేనే! లైటు వెలుగుతదో లేదో రోజూ నొక్కి పట్టి చూసుకుంట."

బాయిలో దిగే ముందు టోపీ లైటు వెలిగించి చూసుకోనిదే అడుగు వేసేవాళ్లం కాదు. కింద చీకట్లో అదే ప్రాణం. రిటైరై ఇన్నేళ్లయినా, ఏ లైటు కనబడినా నా చెయ్యి ఊరుకోదు.

"అయ్యో పెదనాన్నా! అది గట్ల కొట్టుకుంటే ఎవరి ఫోనైనా రావచ్చని!"

అంటే, నెల రోజులుగా నేనే తలుపులు బార్లా తెరిచి, లోపలికి వచ్చినవాళ్లను తిడుతున్నాను!

సుజాత తన ఫోన్‌లో మా సౌండ్‌బార్ పేరు తీసేసింది. నా ఫోన్ కలిపి, ఇక ఆ బటన్ జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది.

ఇలయ్య అన్న గొంతు ఇల్లంతా నిండింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ టెంటు, గంజి గిన్నెలు, భుజాలు ఆనించి కూర్చున్న మా షిఫ్ట్ వాళ్లంతా కళ్ల ముందుకొచ్చారు. అన్న రెండో చరణం ఎత్తుకున్నాడో లేదో, పాట మీద ఎవడో దున్నపోతులా అరిచాడు.

"ఎవడ్రా నా చెప్పులు ఏసుకపోయింది? మర్యాదగ తెచ్చి పెట్టున్రి!"

పాట ఆగిపోయింది. అన్న పడీపడీ నవ్వడం వినిపించింది.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వే గద?"

"అవ్ వదినా, ఆ రోజు టెంటుల అరిచింది నేనే" అన్నాను.

సుజాత నవ్వు ఆపుకోలేక, "పెదనాన్నా, ఈయన్ని ఎట్ల డిస్‌కనెక్ట్ చెయ్యాలె?" అన్నది.

"వద్దు బిడ్డా, ఉండనీ" అన్నది వదిన కళ్లు తుడుచుకుంటూ. "ఈయన అరిస్తేనే ఆయన నవ్విండు. మళ్లొకసారి పెట్టు."

ఆమె బస్సు వేళయ్యేలోపు నా చెప్పుల కోసం నేను నాలుగుసార్లు అరిచాను.