వేపాకు ముద్ద

మా పాపకు ఏడాదిన్నర నిండేసరికి పైవరస ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. తిన్నదేదో అంటిందేమో అని గుడ్డతో తుడిచాను. పోలేదు. చూస్తుండగానే అంచులు పెచ్చులూడాయి.

"నీ పాలే పడట్లేదు దానికి. పండ్లన్నీ పుచ్చిపోయినాయి. ఇంక మాన్పించు" అంది మా అత్త. పక్కింటి వదిన వంత పాడింది. మార్కాపురంలో మా వీధి వీధంతా నా పాల మీద పడింది. బిడ్డకు జ్వరమొస్తే నా పాలు, విరేచనాలైతే నా పాలు, ఇప్పుడు పళ్ళకూ నా పాలే! ఒళ్ళు మండింది. కానీ ఆ పళ్ళు చూస్తే భయమేసింది, ఒప్పుకున్నాను.

అత్త వేపాకు నూరి ముద్ద చేసిచ్చింది. రొమ్ముకు రాసుకుని కూర్చున్నాను. పాప నోరు పెట్టింది, మొహం చిట్లించింది, నా వైపు చూసింది. ఏడవలేదు. ఏడ్చింది నేను. కొన్నాళ్ళకే అడగడం మానేసింది.

పళ్ళు పుచ్చడం మాత్రం ఆగలేదు. అన్నం ముద్ద పెడితే చెంప పట్టుకుని ఏడ్చేది. చివరికి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

"తీపి ఏమన్నా పెడుతున్నారా?" అని అడిగిందామె.

"చాక్లెట్టు ముక్క కూడా ముట్టనియ్యం" అన్నాను గట్టిగా.

"తీపి యాడిదమ్మా!" అంది అత్త. "కోడలు బడిలో పాఠాలు చెప్పను పోతాది గదా. పగలు నిద్రబోదని పాలపీకను తేనెలో ముంచి నోట్లో పెడతా. అంగడి తేనె గాదు. నల్లమల నుంచి చెంచామె తెచ్చిచ్చే తేనె. మందు గదా అది."

మా ఇళ్ళలో తేనె మందే. దగ్గుకు తేనె, కాలిన పుండుకు తేనె. దాన్ని తీపి కింద లెక్కేయాలని నాకూ ఏనాడూ తోచలేదు.

"నిద్రపోయినంతసేపూ ఆ తేనె పళ్ళకు అంటుకునే ఉంటుంది. పాలు మాన్పించే పనే లేదమ్మా. తాగినాక పళ్ళు తుడిచి, రెండు పూటలా తోమితే సరిపోయేది" అంది డాక్టరమ్మ.

ఆటోలో అత్త కొంగుతో పాప మూతి తుడుస్తూనే ఉంది. నాలుగు మాటలు అనాలనే కూర్చున్నాను, ఆ చెయ్యి చూసి అనలేకపోయాను. కోపం మాత్రం తగ్గలేదు.

ఇంటికి రాగానే సబ్బుతో రొమ్ము శుభ్రంగా కడుక్కుని పాపను ఒళ్ళోకి తీసుకున్నాను. పాలు ఇంకా పూర్తిగా ఇంకలేదు. పాప వేలితో ముట్టి చూసి "చేదు" అంది. ఒళ్ళోంచి జారి దిగి, వాళ్ళవ్వ దగ్గరికి పోయి పాలపీక కోసం నోరు తెరిచి నిలబడింది.