దూది కుప్పలో దుంకు

డిగ్రీ రెండో ఏడాదిలో మనాలీలో స్నోబోర్డు శిక్షణకు ఎంపికయ్యాను. గాల్లోకి ఎగిరి, మోకాళ్లు ముడిచి, బోర్డు అంచును చేత్తో పట్టుకోవాలట. వారం రోజులుగా ఇంట్లో ఇదే నా గోల. కానీ మా కార్ఖానా బస్తీలో మంచు ఎక్కడిది?

క్రిస్మస్ వస్తోందని నానమ్మ పరుపులు విప్పించి, దూది ఏకించి, వాకిట్లో కుప్ప పోయించింది. ఇంకేం! ప్రహరీ ఎక్కి, ఒక చెక్కను చున్నీతో కాళ్లకు కట్టుకుని దూకేశాను. నడుందాకా కూరుకుపోయాను. దూది వాకిలంతా ఎగిరింది. నానమ్మ చీపురుతో పరుగెత్తుకొచ్చింది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

“ఏందే గిది? చెయ్యి చెక్కకు తగలనే లేదు. మళ్ల దుంకు!” అంది.

మనాలీలో మొదటిసారి బోర్డు అంచు చేతికి చిక్కగానే నా మొదటి కోచ్‌కు ఫోన్ చేశాను.

“రెండో చేత్తో సుత పట్టినవా?” అంది నానమ్మ.