ట్యాంకు మూతకి సబ్బు రాసిందెవరు

మా చిన్నప్పుడు... ఆగిరిపల్లి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఎండలో మా నాన్న మోటారు సైకిలు హ్యాండిలు పట్టుకుని నడుస్తుంటే, వెనక నుంచి నేను వంగి తోసేవాణ్ణి. చెప్పుల్లేని కాళ్లకి తారు అంటుకునేది...

ఈ గ్రూపులో అందరూ మామిడిపళ్ల తీపి జ్ఞాపకాలు రాస్తున్నారు. రాసుకోండి. నాకు మాత్రం నూజివీడు రసాలంటే ముందు పెట్రోలు కంపే గుర్తొస్తుంది. నలభై ఏళ్లయింది, కోపం తగ్గలేదు. తగ్గించుకోను కూడా.

మా నాన్న పేరు ఏసోబు. నూజివీడులో ఒక మామిడికాయల షావుకారు దగ్గర పని. షావుకారు బండేసుకుని తోటలన్నీ తిరిగి, ఎక్కడ కాయ ముదిరింది, ఎక్కడ కోతకి మనుషుల్ని పెట్టాలి... చూసొచ్చి చెప్పాలి. ఆదివారం మేం చర్చికి పోతాం కాబట్టి ఆ ఒక్కరోజూ బండి షావుకారే తోలుకునేవాడు.

ఒక సోమవారం నుంచి బండికి రోగం మొదలైంది. బాగానే స్టార్టయ్యేది. రెండు మైళ్లు పోయాక దగ్గి దగ్గి ఆగిపోయేది. నాన్న దిగి రిజర్వులోకి తిప్పేవాడు. ప్లగ్గు ఊడదీసి తుడిచేవాడు. కార్బొరేటరు కింద గిన్నె విప్పితే చుక్క పెట్రోలు ఉండేది కాదు. పెట్రోలు చిమ్మే సన్న బెజ్జం జెట్టు తీసి నోటితో ఊదేవాడు. చివరికి ట్యాంకు మూత తీసి లోపలికి చూసి, మూత పెట్టి కిక్కు కొడితే... టక్కున స్టార్టు! జెట్టు ఊదినందుకే బాగుపడిందనుకునేవాడు పాపం. మళ్లీ రెండు మైళ్లు... మళ్లీ అదే రోగం.

మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్తే వాడు చేసే మొదటి పని మూత తీసి పెట్రోలు చూడటం. ఇంకేముంది, వాడి ముందు బండి బంగారంలా ఆడేది. మూడోసారి వాడికి విసుగొచ్చింది. "బండిలో ఏం లేదండీ, పెట్రోల్లోనే కిరసనాయిలు కలిసుంటది" అని షావుకారుతో అనేశాడు. వాసన చూసిన పాపాన పోలేదు వెధవ!

మర్నాడు షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్లు, లారీవాళ్లు అందరూ ఉండగా షావుకారు అందుకున్నాడు.

"ఏరా ఏసోబూ, పెట్రోలు లాగి అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నావంటగా?"

"లేదండీ. నేను తియ్యలేదు."

"అయితే మీ దేవుడి మీద ఒట్టెయ్యి."

"మేం ఒట్లు వెయ్యమండీ. తియ్యలేదంటే తియ్యలేదు."

"చూశారా? తీసినోడు ఒట్టు ఎట్టా వేస్తాడు!"

అందరూ నవ్వారు. నేను అక్కడే ఉన్నా. పద్నాలుగేళ్లు నాకు, సెలవుల్లో నాన్న వెంటే తిరిగేవాణ్ణి. ఒట్టు వెయ్యటం తప్పని మా పాస్టరు గారు చెప్తే, ఆ మాట మీద నిలబడ్డ మనిషి మా నాన్న. నిలబడ్డందుకే దొంగయ్యాడు. శనివారం లోపు బండి బాగవకపోతే పనిలోకి రావద్దన్నాడు షావుకారు. ఇంటికొస్తే మా అమ్మ కూడా, "ఒక్క ఒట్టు వేస్తే నోరరిగిపోతుందా" అని తిట్టింది. నాన్న అన్నం తినకుండా లేచిపోయాడు.

శుక్రవారం ముసునూరు దారిలో మళ్లీ ఆగింది. ఈసారి నాన్న కార్బొరేటరు జోలికి పోలేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, మంచినీళ్ల సీసా ఒంపేసి దాని కింద పెట్టాడు. నాలుగు బొట్లు పడి ఆగిపోయింది. "పెట్రోలుందో లేదో చూడరా" అన్నాడు. నేను మూత తిప్పా. సుయ్యిమంది... గాలి లోపలికి పోయిన చప్పుడు! ఆ వెంటనే పైపులోంచి ధార.

"మూత పెట్టరా" అన్నాడు. పెట్టా. కాసేపటికి ధార సన్నబడి బొట్లయింది. తీశా... మళ్లీ ధార.

మూత తిరగేసి చూశాం. గాలి పోవటానికి దానికో సన్న బెజ్జం ఉంటుంది. దాన్నిండా గట్టిపడ్డ బట్టల సబ్బు! గాలి పోకపోతే పెట్రోలు ఎట్టా దిగుతుంది? నాన్న పిన్నీసుతో గీకాడు. ముసునూరు పోయి, తోట చూసుకుని, ఎక్కడా ఆగకుండా నూజివీడు వచ్చాం.

షెడ్డులో ఆ సబ్బు ముక్క అరచేతిలో పెట్టి చూపించాడు. షావుకారు ఏమన్నాడో తెలుసా?

"ఓ, అదా! ఆదివారం నేనే రాశా. మూత దగ్గర పెట్రోలు చిమ్మి నా పంచె పాడైంది. అంత బెజ్జానికా ఇంత గోల? సరేలే, బండి తియ్యి."

అంతే! సరేలే అంట! సబ్బు రాసింది వాడు, దొంగ మా నాన్న. తప్పు నాదన్న ఒక్క మాట ఆ నోట రాలేదు.

"నేను తియ్యలేదని వీళ్లందరికీ చెప్పండి" అన్నాడు నాన్న. "పనుందిరా" అని వాడు లోపలికి పోయాడు.

మర్నాటి నుంచి మా నాన్న రోజూ పొద్దున్నే బండి షెడ్డు మధ్యలో పెట్టి, "షావుకారు గారూ, మూత మీరే తీసి చూడండి, మీరే పెట్టండి. ఆ తర్వాతే నేను ముట్టుకుంటా" అనేవాడు. "ఏంట్రా ఈ వేషాలు" అని అరిచేవాడు షావుకారు. కానీ కోతల రోజులు... తోటలన్నీ తెలిసినవాడు ఇంకొకడు లేడు. అందుకే షావుకారే అందరి ముందూ వంగి వాసన చూసేవాడు. కోతలయ్యేదాకా చూపించాడు మా నాన్న. తియ్యలేదని చెప్పే ఆ ఒక్క మాట మాత్రం షావుకారు నోట రాలేదు.

నాన్న, షావుకారు ఇద్దరూ పోయారు. ఆ రోజు నవ్వినవాళ్లలో ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. కనపడితే పలకరిస్తారు. నేను పలకను.

ఇప్పటి బళ్లకి కార్బొరేటరే లేదు. ఎక్కడ పాడైందో బండే చెప్తుందంట, దాని మాట అందరూ నమ్ముతారంట... ఆ రోజుల్లో మనిషి చెప్తే నమ్మలేదు.

మీ ఇళ్లలో ఇట్టా మాట పడ్డవాళ్లుంటే కింద రాయండి. మా నాన్నకి మాత్రం అయ్యో పాపం అనొద్దు. 'ఏసోబు తియ్యలేదు' అని రాయండి. నలుగురిలో పడ్డ మాట... నలుగురిలోనే పోవాలి.