అట్ట మీద లేని మాట

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను బాపట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేశారు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళేదాన్ని. ఆ ఏడాది మొజాంబిక్ నుంచి కొందరు విద్యార్థులు ఆ ఊరి కాలేజీలో వ్యవసాయం చదవడానికి వచ్చారు. వాళ్ళది పోర్చుగీసు. వాళ్ళకంటే ముందే వచ్చి ఇంగ్లీషు నేర్చుకున్న వాళ్ళ దేశపు సీనియర్‌ని ఒకతన్ని కూర్చోబెట్టి, అట్ట మీద తెలుగు లిపిలో మాటలు రాసుకున్నాను: ఫెబ్రె అంటే జ్వరం, తోస్సె అంటే దగ్గు, దోర్ అంటే నొప్పి. దాన్ని గోడకు తగిలించి తెగ మురిసిపోయాను.

ఒక ఉదయం హాస్టల్ వార్డెన్ లూసియా అనే అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చింది. ఆ పిల్ల వచ్చి నెల కాలేదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. మా దగ్గర పేషెంటును అడిగితే పక్కవాళ్ళు చెబుతారు. మేమూ అదే కేస్ షీటులో రాసేస్తాం.

"పొద్దున్నుంచేనండి సిస్టర్ గారూ. మన గోంగూర పడలేదు పాపం," అంది వార్డెన్.

'కడుపునొప్పి, ఈ ఉదయం నుంచి' అని రాశాను. అది చూసి డ్యూటీ డాక్టరు గారు గ్యాస్‌కి ఇంజెక్షన్ ఇప్పించారు. గంట తర్వాత నొప్పి తగ్గిందని అమ్మాయి సైగ చేసింది. వార్డెన్ ఇక తీసుకెళ్తానంది.

చేతికున్న సూది తీయబోతే ఒళ్ళు కాలిపోతోంది, నాడి పరుగెడుతోంది. నొప్పి తగ్గాక నాడి అలా కొట్టుకోకూడదు. నాకు భయం వేసింది. అట్ట తెచ్చి ఒక్కో మాటా చదివి వినిపించాను. లూసియా అన్నీ విని, ఇంకేదో ఉందన్నట్టు తల అడ్డంగా ఊపి, "ఫికేయ్ దోయెంత్" అంటూ మూడు వేళ్ళు చూపించింది. నాకేం అర్థమవుతుంది, నా బొంద! ఆ సీనియర్‌కి ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టాను. జబ్బు పడ్డాను అంటోందని అతను చెప్పాడు. నొప్పి మూడు రోజుల క్రితం బొడ్డు దగ్గర మొదలై, నిన్న కుడిపక్కకు దిగిందట.

నేను రాసింది కొట్టేసి, తిరగరాసి, సంతకం పెట్టి డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తాను. స్కాన్‌లో అపెండిక్స్ పగిలి ఉంది. పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గుతుంది, చీము మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయింది, పిల్ల బతికింది. హాస్టల్‌కి పంపేసి ఉంటే బతికేది కాదు. ఆ తప్పు రాత నాదే.

జబ్బుల పేర్లన్నీ రాసుకున్నాను గానీ, జబ్బు పడడానికి మాట రాసుకోలేదు. ఎప్పుడు, ఎలా మొదలైందో మంచం మీదున్న మనిషినే అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను.

రిటైరయ్యాక రేపల్లెలో ఉంటున్నాను. మొన్న ఒంట్లో బాగోక ఆసుపత్రికి వెళ్తే, అక్కడి సిస్టర్ మా కోడలి వైపు తిరిగి ఎప్పట్నుంచని అడిగింది.

"నిన్నట్నుంచేనండి," అంది కోడలు.

నేను లేచి కూర్చున్నాను. "నాలుగు రోజులమ్మా. నన్నడుగు."