గుర్రాన్ని అప్పగించడానికి వెళ్లిన రోజు

లద్దాఖ్‌లో మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్టోబరు నెల. ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది, సీసాలో నీళ్లు మాత్రం గడ్డకట్టాయి. చెట్టన్నది లేదు. పది అడుగులు వేస్తే ఆయాసం. మా ఊరు కంగ్టి కందిచేలలో పెరిగిన నాకు భూమి అంత బోడిగా ఉంటుందని తెలియదు. అయినా ఒళ్లంతా హుషారు.

రేడియో ఆపరేటర్ జహీరాబాద్ వాడు. బంకర్‌లో మేమిద్దరం మన భాషే మాట్లాడుకునేవాళ్లం.

మూడో వారం, గస్తీలో ఉండగా మా డ్రైవర్ ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. అంత ఎత్తులో అది మనిషిని గంటల్లో చంపేస్తుంది. కొండచరియ విరిగిపడి, అక్కణ్నుంచి పోస్టుకు దిగే బండి దారి మూసుకుంది. పక్క ఊళ్లో ఒక ముసలామెకు గుర్రం ఉంది. చలికాలానికి కట్టెలు మోసేది అదొక్కటే. వెళ్లి దాన్ని అడిగాను.

"రేపు పొద్దుగూకేలోపు నేనే తెచ్చిస్తాను" అన్నాను హిందీలో.

"ఒట్టు పెట్టు" అంది ఆమె.

"ఒట్టు పెట్టను. తెస్తాను."

మా ఇంట్లో ఒట్లు లేవు. ప్రార్థన నుంచి ఇంటికొస్తూ అమ్మ అనేది: "అవునంటే అవునే ఉండాలె బిడ్డా. ఒట్టు పెడితేనే నమ్మేటట్టుంటే మన మాటకు ఇజ్జత్ ఏముంది? దేవుడు ఇంటుండు."

ముసలామె నా మొహం చాలాసేపు చూసింది. పగ్గం నా చేతికిచ్చింది.

గుర్రం మీద డ్రైవర్‌ను ఏడు కిలోమీటర్లు కిందికి, పోస్టుకు తెచ్చాం. హెలికాప్టర్ తీసుకుపోయింది. బతికాడు.

మర్నాడు పన్నెండున్నరకు రేడియోలో ఆదేశం వచ్చింది. సాయంత్రం ఆరుకు ప్లాటూన్ వేరేచోటికి కదలాలి.

"గుర్రాన్ని తర్వాత ఎవరో ఒకరు చేరుస్తార్లే" అన్నాడు సుబేదార్.

"నేనే తెస్తానన్నాను సాబ్."

ఆయన గడియారం చూశాడు. "ఆరుకు బండి కదులుతుంది. నీకోసం ఆగదు. ఒంటరిగా మాత్రం వెళ్లకు."

ఆపరేటర్, నేను ఒంటిగంటకు బయలుదేరాం. ఎదురుగాలి. నిన్న దాటినప్పుడు రాయిలా ఉన్న వాగు మీది మంచు ఆ రోజు కాలికింద పటపటమంది. గుర్రం మొండికేసింది.

"ఇగ వాపస్ పోదాం రా. గామెకు సమజైతది" అన్నాడు ఆపరేటర్.

"గామెకు సమజైతది. నాకే సమజ్ కాదు."

"నీ యేసు నిన్ను ఉరికిస్తే ఉరికించిండు, నన్నెందుకు ఉరికిస్తుండు?" అంటూనే వాడు తన కోటు విప్పి గుర్రం కళ్లకు కప్పాడు. అడుగు తర్వాత అడుగు వేశాం. అవతలి గట్టు ఎక్కాక ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. జీవితంలో అంత తేలికగా ఎప్పుడూ నడవలేదు.

నాలుగూ ఇరవైకి పగ్గం ఆమె చేతిలో పెట్టాను. ఆమె గుర్రం మెడ నిమిరింది. మా జేబుల్లో చెరో గుప్పెడు ఎండు ఆప్రికాట్లు పోసింది. వెంటనే వెనక్కి పరుగు. అయిదూ నలభై ఎనిమిదికి చేరేసరికి బండి ఇంజిన్ ఆన్‌లో ఉంది.

"పన్నెండు నిమిషాలు మిగిల్చావు" అన్నాడు సుబేదార్. మొహంలో నవ్వు లేదు. చేయిచ్చి బండిలోకి లాగాడు.

డ్యూటీ ముగిసి నారాయణఖేడ్ బస్టాండులో దిగేసరికి అమ్మ ఎదురొచ్చింది. "బక్కగైనవ్ బిడ్డా" అంది. సంచి తానే మోస్తానని పట్టుబట్టింది.

అక్కడ చూసినవి చాలావరకు మసకబారాయి. ఒకటి మాత్రం కళ్లముందు నుంచి కదలదు. ఆ రోజు గుర్రంతో ఊరి మలుపు తిరగగానే, ముసలామె కంటే ముందు ఆమె పశువుల కొట్టం కనిపించింది. నేల మీద కొత్త గడ్డి పరిచి ఉంది. గుర్రానికని పెట్టిన బకెట్‌లో వేడినీళ్ల మీంచి ఆవిరి లేస్తోంది.