మూడు కాళ్ళ రాతి గిన్నె

మా హర్షిణికి పదమూడేళ్ళు. కెనడాలో ఒట్టావా పక్కనున్న కనాటాలో మా టౌన్‌హౌస్ వరసలో ఎవరి పిల్లి తప్పిపోయినా, ఎవరి పార్సిల్ మాయమైనా నోట్‌బుక్ పట్టుకుని ముందు బయల్దేరేది అదే. నోరు మూసుకోమంటే మూసుకునే రకం కాదు. నేను చాలాసార్లు చెప్పి చూశాను.

ఏప్రిల్‌లో పక్కింటి మారిసోల్ ఇంట్లో ఒక వస్తువు పోయింది. మెక్సికోలో అజ్‌టెక్‌ల కాలం నుంచి వాళ్ళ వంశంలో తల్లి చేతి నుంచి కూతురి చేతికి వస్తున్నదట. ఆ వారమే వాళ్ళ సింక్ బాగుచేసిన సుఖ్‌దేవ్ మీద అనుమానం పడింది. అతను ఫిజీలో పుట్టిన తెలుగువాడు, మా వరస మొత్తానికీ ప్లంబర్. ఇక అతన్ని పిలవొద్దని కాంప్లెక్స్ మేనేజర్ అందరికీ ఈమెయిల్ పెట్టాడు. అంటే అతని పొట్ట కొట్టినట్టే.

"మనకెందుకొచ్చిన గొడవ?" అన్నారు మావారు దీపక్. నేనూ అదే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ప్రూఫ్ ఏది?" అంది హర్షిణి. నేరుగా మారిసోల్ దగ్గరికెళ్ళి ఆ వస్తువు ఫొటో అడిగి తెచ్చింది. అంతవరకు మేమెవరం అడగనేలేదు. తరతరాల సొత్తు అనగానే బంగారమే అనుకున్నాం.

ఫొటోలో ఉన్నది మూడు కాళ్ళ నల్లరాతి గిన్నె. అది మా ఫ్రిజ్ మీదే ఉంది.

"మారిసోల్ వాళ్ళమ్మ టమాటా పచ్చడి వేసిచ్చింది," అంది మా అత్తయ్య తాపీగా. "ఖాళీ గిన్నె తిరిగి ఎలా ఇస్తామే? మాగాయ పెట్టి ఇద్దామంటే ఈ ఊళ్ళో ఎండేదీ?"

మారిసోల్ వాళ్ళమ్మకు మతిమరుపు. ఇచ్చిన సంగతే గుర్తులేదు.

"చప్పుడు చెయ్యకుండా వాళ్ళ గుమ్మంలో పెట్టేసి వద్దాం," అన్నారు దీపక్.

"నో డాడీ. ఆయన గురించి అందరికీ ఈమెయిల్ వెళ్ళింది. అందరి ముందే ఇస్తా."

ఆదివారం కాంప్లెక్స్ మీటింగ్‌లో గిన్నె బల్ల మీద పెట్టింది. అత్తయ్య అందులో నిండా పులిహోర పెట్టి పంపింది. పొరపాటు మా ఇంటిదేనని హర్షిణి జరిగినదంతా చెప్పింది. మారిసోల్ గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. మేనేజర్ నవ్వి, దొరికిందిగా అంటూ పార్కింగ్ విషయం ఎత్తుకున్నాడు.

హర్షిణి కూర్చోలేదు.

"సుఖ్‌దేవ్ అంకుల్‌కి ఫోన్ చెయ్యండి. స్పీకర్‌లో."

తర్వాత మెయిల్ పెడతానన్నాడు మేనేజర్. దీపక్ దాని చెయ్యి పట్టి లాగబోయారు.

"నిలబడనివ్వండి," అని నేనూ లేచి దాని పక్కన నిలబడ్డాను. మారిసోల్ కూడా గిన్నెతో లేచింది.

మేనేజర్ ఫోన్ తీశాడు. అతని నోటి నుంచి సారీ వచ్చేదాకా మేం కూర్చోలేదు.