సమాధుల తోటకు దారి

రాసుకో, నిత్యా. రెండువేల మూడు, నాలుగు ప్రాంతం. అప్పుడు నేను ఏలూరు కోర్టులో సివిల్ కేసులు చేస్తున్నాను. అంతకుముందు తాడేపల్లిగూడెంలో ఒక సీనియర్ గారి దగ్గర చేరి, ఆయన ఫైళ్లు మోసి, ఆయన చేత తిట్లు తిని పని నేర్చుకున్నాను. మీ తాతయ్యకు బదిలీ అయ్యాక ఏలూరులో బోర్డు పెట్టాను. చిన్న ఊళ్లో లాయరుకు ఒక్క రకం కేసులని ఉండవు. పొద్దున గట్టు తగాదా, మధ్యాహ్నం భరణం కేసు, సాయంత్రం పింఛను ఆగిపోయిన మాస్టారు. నమ్మకం కుదిరితే అన్నిటికీ మన దగ్గరికే వస్తారు. ఆ నమ్మకం ఎలా కుదురుతుందో నువ్వు లా చదవబోతున్నావు గనక తెలియాలి. చెయ్యి నొప్పెడితే చెప్పు, ఆగుతాను.

ఒకరోజు కోర్టు అయ్యాక ముగ్గురు మనుషులు నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. ముందు ఒక పెద్దాయన. పేరు దావీదు. పెదపాడు మండలంలో ఒక ఊరి దళితపేట ఆయనది. జీవితమంతా కూలిపని చేసినవాడు, అక్కడి చర్చిలో సంఘ పెద్ద. ఆయాసం మనిషి. ఆయన వెనక కూతురు కరుణమ్మ, ఆయన తమ్ముడి కొడుకు ప్రసాదు. ప్రసాదు కొత్తగా ప్రభుత్వ బళ్లో టీచరయ్యాడు. పెద్దాయన కూర్చుని, ఊపిరి తీసుకుని, నేను అడక్కముందే తానే మొదలుపెట్టాడు.

“మా గొడవ చెప్పేముందు మిమ్మల్నో మాట అడగొచ్చాండీ?”

“అడగండి.”

“మీరు ఓడిపోయిన కేసులున్నాయాండీ?”

కరుణమ్మ “నాన్నా” అంటూ మోచేత్తో పొడిచింది. నేను ఉన్నాయన్నాను. ఎందుకు ఓడానని అడిగాడు. కొన్నిట్లో న్యాయం అవతలివాళ్ల వైపు ఉందనీ, కొన్నిట్లో మా కక్షిదారులు నాకు సగమే చెప్పారనీ అన్నాను.

“ఆయ్,” అని తలూపాడు. “ఇందాక ఒకాయన దగ్గరికెళ్లామండి. ఇంతవరకూ ఒక్కటి కూడా ఓడలేదన్నారు. లేచొచ్చేశాం.”

అప్పుడు విషయం చెప్పాడు. పేటకీ వాళ్ల సమాధుల తోటకీ మధ్య ఒక రైతు కుటుంబం పొలాలున్నాయి. తాతల కాలం నుంచి శవాన్ని ఆ పొలాల మధ్య దారిలోనే మోసుకెళ్లేవాళ్లు. పెద్ద రైతు పోయాక ఆయన కొడుకు రామ్మోహనరావు వరి మానేసి చేపల చెరువులు తవ్వించాడు. దారి కాస్తా చెరువు గట్టయింది. చేపలు దొంగతనం పోతున్నాయని గట్టుకు ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. గేటు మీద “పేటవారు లోనికి రాకూడదు” అని బోర్డు రాయించాడు. ఆ తరువాత పేటలో ఒకావిడ పోతే మురుగు కాలవ పక్కనుంచి బురదలో మోసుకుంటూ వెళ్లారు. మధ్యలో మోసేవాడి కాలు జారి శవం కింద పడింది.

“మా ఆడమనిషి అక్కడుందండి. పక్కన నాకు చోటుంచాం,” అన్నాడు దావీదు. “డాక్టరుగారు ఊపిరితిత్తులు అయిపోయాయన్నారు. నేను పోయేలోపు దారి తెప్పించండమ్మా.”

ప్రసాదు మాత్రం కోపంగా ఉన్నాడు. అట్రాసిటీ కేసు పెట్టి రామ్మోహనరావుని జైల్లో పెట్టించాలన్నాడు. బోర్డు ఫొటో కూడా తెచ్చాడు. ఆ కోపం తప్పు కాదు. అలాంటి బోర్డు రాయించినవాడిని శిక్షించడానికి చట్టాలున్నాయి. కానీ ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా రాసుకో. ఎస్సీ కుటుంబంలోని మనిషి క్రైస్తవం తీసుకుంటే చట్టం ఆ మనిషిని ఎస్సీగా లెక్కించదు. మన వైపు పేటల్లో చాలామంది ఆదివారం చర్చికి వెళతారు, కాగితాల మీద మాత్రం హిందూ ఎస్సీలుగానే ఉంటారు. చదువులు, ఉద్యోగాలు ఆ కాగితాల మీదే నడుస్తాయి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

“కేసు పెడదాం ప్రసాదూ,” అన్నాను. “మన సాక్షి బోనెక్కగానే అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో చెప్పనా? ఏవండీ, మీరు బాప్తిస్మం పుచ్చుకున్నారా అని. అవునంటే సర్టిఫికెట్ పోతుంది. కాదంటే సమాధుల తోటతో మీకేం పని అంటారు. నీ ఉద్యోగం ఏ సర్టిఫికెట్ మీద వచ్చింది?”

ప్రసాదు ఫొటో వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“మా చేత అబద్ధం ఆడించే కేసు మాకొద్దండి,” అన్నాడు పెద్దాయన. “ఆడించక్కర్లేని కేసుందా?”

ఉందన్నాను. సివిల్ దావా. అందులో మీ కులమేమిటి, మతమేమిటి అన్న ప్రశ్నే రాదు. తరతరాలుగా ఈ దారిన నడిచాం, మాకు నడిచే హక్కుంది అని నిరూపిస్తే చాలు. అలాంటి కేసులో ఒక్కటే ముఖ్యం. హక్కుగా నడిచారా, యజమాని అనుమతితో నడిచారా. ఎన్నేళ్లు నడిచినా అనుమతితో నడిస్తే అది హక్కు కాదు. యజమాని ఎప్పుడైనా మానిపించవచ్చు. ఇంత చెప్పాక, ప్రసాదు దగ్గర్నుంచి ఆ ఫొటో మళ్లీ అడిగి తీసుకున్నాను. గేటు ఎవరి కోసం పెట్టారో చెప్పడానికి సివిల్ కేసులోనూ అది పనికొస్తుంది. వకాలత్ మీద మాత్రం ఆరోజు సంతకాలు తీసుకోలేదు. స్థలం చూడకుండా భూమి కేసు పట్టకూడదని మా సీనియర్ గారు నేర్పారు.

ఆదివారం ఆరాధన అయ్యే వేళకు పేటకు వెళ్లాను. గేటు చూశాను, తోట చూశాను, మురుగు కాలవ పక్కన చెప్పులు చేత్తో పట్టుకుని కొంత దూరం నడిచి చూశాను. తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు కరుణమ్మ మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. పేటలో ఎవరు పోయినా శవాన్ని లేపేముందు ఒక పెద్దమనిషి రైతు ఇంటికెళ్లి, “ఏవండీ, మావాడు పోయాడండి, తీసుకెళుతున్నామండి” అని చెప్పి వచ్చేవాడట. నేను కలుపుతున్న అన్నం వదిలేసి, ఆ మాట మళ్లీ చెప్పమన్నాను. మన గోదావరి వైపు మర్యాద అది. అవతలి లాయరు చేతికి అంతకంటే మంచి ఆయుధం ఇవ్వలేం. చూశారా, ప్రతిసారీ అనుమతి అడిగారు అంటాడు.

“ఈ సంగతి కోర్టులో చెప్పొద్దాండీ?” అని అడిగింది కరుణమ్మ, నా మొహం చూసి.

“అడిగితే చెప్పాల్సిందే,” అన్నాను. “అయితే నాకు ఇంకోటి కావాలి. చెప్పకుండా వెళ్లిన సందర్భం ఒక్కటైనా ఉందా?”

ఎవరికీ గుర్తు రాలేదు. ఆఖరుకు దావీదే ఒకటి చెప్పాడు. అది విన్నాక వకాలత్ తీసి సంతకాలు పెట్టించాను.

పేట అంతటి తరఫున దావా వేశాం. తీర్పు వచ్చేదాకా గేటు తీయించమని విడిగా పిటిషన్ వేస్తే జడ్జిగారు ఒప్పుకోలేదు. ముందే గేటు తీయిస్తే తీర్పు ముందే ఇచ్చినట్టవుతుంది, విచారణే త్వరగా ముగిద్దాం అన్నారు. ఆయన అన్నది సబబే. కానీ దావీదు ఊపిరికి వాయిదాలు తెలియవు. వానలు తగ్గేసరికి ఆయన మంచం పట్టాడు.

అప్పుడు అవతలి లాయరు గారు కోర్టు వరండాలో నన్ను పక్కకు పిలిచారు. “మేడం, పెద్దాయన పరిస్థితి బాగాలేదటగా. మావాడు మరీ రాయి కాదండి. ఆయనొక్కడికీ గేటు తీస్తానంటున్నాడు. అనుమతి ఇస్తున్నట్టు చిన్న కాగితం రాద్దాం, ఆయన వేలిముద్ర వేస్తే చాలు.”

రాజీ మాట ఏదొచ్చినా కక్షిదారుకు చెప్పి తీరాలి. మనకు నచ్చలేదని దాచకూడదు. ఆ సాయంత్రమే పేటకు వెళ్లి చెప్పాను. కరుణమ్మ ఒప్పుకుందామంది.

“మిగతావాళ్లకో?” అని అడిగాడు దావీదు.

“ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే, ఇన్నాళ్లూ అనుమతి మీదే నడిచామని మీరు ఒప్పుకున్నట్టు. మిగతావాళ్ల దావా అక్కడితో సరి.”

“మీరు పోయాక వాళ్ల సంగతి మీకెందుకు నాన్నా?” అంది కరుణమ్మ. “అమ్మ పక్కన చోటు, అమ్మ పక్కన చోటు అని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నది మీరే కదా.”

“ఒకళ్ల దయ మీద పక్కకెళ్లి పడుకుంటే మీ అమ్మ ఊరుకుంటదా? లోపల్నుంచే తిడతది. దాని నోరు నీకు తెలీదేంటి?”

కరుణమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను నవ్వలేదు. ఆయన సరిగ్గా అర్థం చేసుకున్నాడో లేదో చూసుకోవడం నా పని. తీర్పు రాకముందే పోతే ఏం చేస్తారని సూటిగా అడిగాను.

“బురదలో మోస్తారండి. ప్రసాదు పిక్కబలం ఉన్నవాడే. కాదని చెప్పెయ్యండమ్మా.”

చెప్పేశాను. మర్నాడే, సాక్షి కదల్లేని స్థితిలో ఉన్నాడని డాక్టరు కాగితం జతపరిచి పిటిషన్ వేశాను. అలాంటప్పుడు కోర్టు ఒక లాయరును కమిషనర్‌గా నియమిస్తుంది. ఆయన సాక్షి ఇంటికే వెళ్లి, ఇరుపక్షాల ఎదుట సాక్ష్యం రాసుకుంటాడు. అలా కోర్టే పేటకు వచ్చింది. వాకిట్లో మంచం, మంచం పక్కన కమిషనర్ గారు, టైపు మిషనుతో ఒక టైపిస్టు. రామ్మోహనరావు కూడా వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కరుణమ్మ అందరితో పాటు ఆయనకూ టీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోతే దావీదు మంచం మీద నుంచే అన్నాడు, “తాగండి బాబూ. మీ నాన్నగారు ఈ వాకిట్లో తాగినవారేనండి.”

ఆయన తాగాడు. క్రాస్ ఎగ్జామినేషన్ మొదలైంది. నేను భయపడిన చోటికే అవతలి లాయరు గారు నేరుగా వచ్చారు.

“శవాన్ని తీసుకెళ్లేముందు పెద్ద రైతుగారికి చెప్పేవారా?”

“ఆయ్, చెప్పేవాళ్లమండి.”

“ప్రతిసారీ?”

“ఆయన ఊళ్లో ఉంటే చెప్పేవాళ్లమండి.”

“అంటే ఆయన సరే అన్నాకే కదిలేవారు.”

“ఆయన సరే అనేవారు కాదండి. అయ్యో అనేవారు.”

టైపిస్టు చెయ్యి ఆగింది. కమిషనర్ గారు ఆ మాట ఉన్నదున్నట్టు కొట్టమన్నారు.

క్రాస్ తరువాత మన సాక్షిని మనం మళ్లీ అడగవచ్చు, క్రాస్‌లో వచ్చిన విషయాల మీద మాత్రమే. నేను ఒక్కటే అడిగాను. ఆయన ఊళ్లో లేనప్పుడు ఏం చేశారని.

“మా ఆడమనిషి పోయిన రోజు ఆయన చింతలపూడి తోటకి వెళ్లారండి. మేం ఆగలేదు, తీసుకెళ్లిపోయాం. వచ్చాక ఆయనే మా ఇంటికొచ్చారు. మా పొలంలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషి, ఆఖరి చూపు దక్కలేదురా అన్నారు. దారి సంగతి ఎత్తలేదండి.”

రామ్మోహనరావు తన లాయరు వైపు చూడలేదు. తరువాత ఆయన సాక్ష్యం వంతు వచ్చినప్పుడు, తండ్రి అలా పేటకు వెళ్లిన మాట నిజమేనని ఆయనే ఒప్పుకున్నాడు. తండ్రి మీద అబద్ధం చెప్పలేదు. ఆ మేరకు మనిషి మంచివాడే.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. చావు కబురు మర్యాదకు చెప్పడం అనుమతి అడగడం కాదని జడ్జిగారు రాశారు. గేటు, బోర్డు తొలగించాలన్నారు. అవతలివాళ్లు అప్పీలు అన్నారు గానీ వెయ్యలేదు. దావీదు అప్పటికి బతికే ఉన్నాడు. తీర్పు చదివి వినిపించడానికి వెళ్లాను. సగం వినేసరికే నిద్రపోయాడు. గేటు ఊడదీశారని ప్రసాదు చెప్పినప్పుడు మాత్రం కళ్లు తెరిచి, గుంజలు కూడా తీశారా అని అడిగాడు. తీశారన్నాడు ప్రసాదు.

పెద్దాయన పోయిన రోజు నాకు తాడేపల్లిగూడెంలో వాయిదా ఉంది, వెళ్లలేకపోయాను. గట్టు మీదుగానే తీసుకెళ్లారని, భార్య పక్కనే పెట్టారని కరుణమ్మ తరువాత వచ్చి చెప్పింది.

ఇక ఈ కేసులో నేర్చుకున్నది రాసుకో. కక్షిదారును నీకు జరిగిన అన్యాయమేమిటని మాత్రమే అడిగితే సగం కేసే చేతికొస్తుంది. వాళ్లకు మామూలైపోయిన పనుల గురించి, తమకు చేటు చేస్తాయని వాళ్లకు తెలియని వాటి గురించి కూడా అడగాలి. వెయ్యకూడని కేసు ఏదో చెప్పడం, వెయ్యాల్సింది చెప్పినంత ముఖ్యం. అవతలివాళ్లు దయగా ఏదైనా ఇస్తామంటే దానికి బదులుగా ఏం పోతుందో కక్షిదారుకు విడమరిచి చెప్పాలి. చెప్పాక నోరు మూసుకోవాలి. పోగొట్టుకునేది వాళ్లు గనక, ఔననడం, కాదనడం వాళ్ల పని.